పగలగొట్టని గ్లాసు

మార్లో ఫెర్రీ పోలీసు స్టేషనులో హోజియా టిల్లరీకి తనవని చెప్పుకోదగ్గవి ఒక బల్ల, ఒక డిటెక్టివు బిళ్ల, మేకుకి వేలాడే ఒక రేకు కప్పు. అన్నీ నేలమాళిగలోనే ఉండాలి. పైన కెప్టెన్ గది పక్కన చల్లటి నీళ్ల కుళాయి ఉంది. దాని మీద 'తెల్లవారికి మాత్రమే' అని బోర్డు. ఆ బోర్డు రాసినవాడూ నల్లవాడే. అక్షరాలు మాత్రం ముత్యాల్లా రాశాడు మహానుభావుడు. హోజియా రోజూ పొద్దున్నే వెనక వీధి పంపు దగ్గర బకెట్టు నింపుకుని కిందికి దించుకుంటాడు. కప్పు కడుగుతాడు. మేకుకి తగిలిస్తాడు.

ఊళ్లో మొట్టమొదటి నల్ల డిటెక్టివు అని పోయినేడు, అంటే 1948లో, పేపర్లో వేశారు. ఫోటో వెయ్యలేదు. అతను నల్లవాళ్లని పట్టుకోవచ్చు, లోపలెయ్యొచ్చు. తెల్లవాడు నెత్తురు కారే కత్తితో ఎదురొచ్చినా, "కాస్త ఆగండి దొరగారూ, మావాళ్లని పిలుచుకొస్తాను" అనాలి. ఈ ఉద్యోగం వచ్చినందుకు చర్చిలో అతనికి దండ కూడా వేశారు. ఇప్పుడా దండ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆగస్టు నెల. గురువారం సాయంత్రం కాలవలో జెరూషా గేన్స్ శవం తేలింది. హాల్కమ్ దొర ఇంట్లో పదిహేడేళ్లుగా వంట చేసి, బట్టలుతికే మనిషి. మర్నాడు పొద్దున ఆరుగురు తెల్లవాళ్లు గట్టు మీద పది నిమిషాల్లో పంచనామా ముగించారు. ఆ ఆరుగురిలో హాల్కమ్ దొర ఒకడు. నిన్న ఆమె అసలు పనికే రాలేదని ఆయనే చెప్పాడు, తక్కిన ఐదుగురూ తలలూపారు.

మధ్యాహ్నం కెప్టెన్ వార్నెల్ మెట్లు దిగి వచ్చి కాగితం బల్ల మీద పెట్టాడు.

"కాలు జారింది, మునిగింది. ప్రమాదం. ఇక్కడో సంతకం గీకు హోజియా. మీ మనిషి కదా, మీవాడి సంతకం ఉంటే బావుంటుంది."

హోజియా అప్పుడే నీళ్లు తాగుతున్నాడు. ఎండ దంచేస్తోంది. ఇంటి దగ్గర భోజనం చల్లారిపోతోంది. ఎడమచేతిలో కప్పు అలాగే ఉంది, కుడిచేత్తో సంతకం పెట్టేశాడు. చదివాడా అంటే, చదివాడు. చదివే పెట్టాడు.

ఆ సాయంత్రమే ఆంబ్రోస్ పిల్చర్ కబురంపాడు. నల్లవాళ్ల శవాలకి స్నానం చేయించి, పెట్టెలో పెట్టి సాగనంపేది అతనే. నోరు కాస్త దురుసు.

"రావోయ్ డిటెక్టివూ. సంతకం పెట్టేశావటగా, చెయ్యేమైనా నొప్పెట్టిందా?"

"ఎందుకు పిలిచావో చెప్పు బాబాయ్."

పిల్చర్ ఒక గాజుసీసా తెచ్చి కిటికీ వెలుగులో పెట్టాడు. "మన కాలవలో నీళ్లేం రంగు?"

"ఎరుపు. వానలు పడ్డాక మరీను."

"ఇవి జెరూషా ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన నీళ్లు. చూడు."

ఆ నీళ్లు తేటగా ఉన్నాయి. సీసా వెనక పేపరు పెడితే చదువుకోవచ్చు. అడుగున ఆకుపచ్చ పాచి ఒక తునక నిలబడి ఉంది. పిల్చర్ దుప్పటి తొలగించి ఆమె మెడ వెనక చూపించాడు. నాలుగు వేళ్లు ఒకపక్క, బొటనవేలు ఇంకోపక్క.

"పంచనామావాళ్లు వెల్లకిలానే చూశారు," అన్నాడు పిల్చర్. "తిప్పితే చేతులు మాసిపోతాయనుకున్నారో ఏమో. ఇది కాలవలో చచ్చిన మనిషి కాదురా. ఎవరి పెరట్లోనో చచ్చింది."

శనివారం హోజియా ఆ సీసా పట్టుకుని కెప్టెన్ దగ్గరికి వెళ్లాడు, వెనక తలుపులోంచి, టోపీ చేత్తో పట్టుకుని. రిపోర్టులో 'ప్రమాదం' అన్న ఒక్క మాట కొట్టేయించాలి. అంతే అడిగాడు. కెప్టెన్ సీసా వంక కూడా చూడలేదు.

"సంతకం నీది. ఇప్పుడు అబద్ధం రాశానంటావా? అబద్ధం రాసే పోలీసుని ఉద్యోగంలో ఎలా ఉంచనురా?"

హోజియా మెట్లు దిగి వచ్చి గోడని ఒక్క గుద్దు గుద్దాడు. గోడకేం కాలేదు.

ఆదివారం జెరూషాని పాతిపెట్టారు. ఆమె అక్క లువీనియా, మంత్రసాని, అరవై దాటిన మనిషి, ఇంటి నుంచి చెల్లెలి టీ కప్పు తెచ్చింది. పోయిన మనిషి ఆఖరుసారి వాడిన వస్తువు సమాధి మీద పెట్టాలి. ఊరికే పెట్టకూడదు, అడుగు పగలగొట్టి పెట్టాలి. పగలగొడితే పోయినవాళ్లని ఇంటికి కట్టే గొలుసు తెగుతుంది, చనిపోయినవాళ్లు హాయిగా నిద్రపోతారు. పగలకుండా పెడితే ఆ వస్తువు ఏ ఇంటిదో ఆ ఇంటికి దారి తెరిచే ఉంటుంది. అక్కడి నల్లవాళ్ల సమాధులన్నీ చిల్లుపడ్డ గిన్నెలతో, ఆగిపోయిన గడియారాలతో, చిమ్నీ పగిలిన దీపాలతో నిండి ఉంటాయి. లువీనియా సుత్తితో కప్పు అడుగు కొట్టింది. మట్టిలో గుచ్చింది.

"ఎవరు చేశారో కనుక్కుంటానక్కా," అన్నాడు హోజియా.

"కనుక్కో నాయనా. కనుక్కుని ఏం చేస్తావో కూడా ఆలోచించుకో," అంది ఆమె. తిట్టినా ఇంత బాధపడేవాడు కాదు.

బుధవారం లువీనియా కబురు పెట్టింది. మూడున్నరకి రమ్మంది.

ఆమె వంటిల్లు చిన్నది. పొయ్యి, బల్ల, కిటికీ కింద నీళ్ల బకెట్టు, దాని పక్కన నీళ్లు ముంచుకునే సొరబుర్ర. బయట ఎండ తెల్లగా కాస్తోంది. ఎవరివో కోళ్లు గీరుకుంటున్నాయి. బకెట్టు అంచుదాకా నిండి ఉంది.

"నువ్వు వచ్చేముందే నింపాను. కూర్చో. చూడు. నోరెత్తకు," అంది లువీనియా.

ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చున్నారు. హోజియాకి లోపల విసుగ్గానే ఉంది. సాక్ష్యం వెతకమంటే బకెట్టుకి కాపలా కాయిస్తోంది ముసలిది అనుకున్నాడు. గోడ మీద గడియారం నాలుగు కొట్టింది.

కోళ్ల చప్పుడు ఆగిపోయింది.

ముందు వాసన వచ్చింది. తడి రాయి వాసన… ఎండ తగలని చోట పట్టిన పాచి వాసన. ఆ వంటింట్లో ఉండాల్సింది కాదు. తర్వాత సొరబుర్ర కదిలింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఉన్నచోటే కాస్త దొర్లి, ఎవరో తీసుకోబోయి వద్దనుకున్నట్టు, మళ్లీ ఆగిపోయింది.

గుటక.

ఇంకో గుటక… ఇంకోటి. వారం రోజులుగా నీళ్లు దొరకని మనిషి తాగినట్టు, మధ్యలో రొప్పుతూ. బకెట్టులో నీళ్లు బెత్తెడు దిగాయి. ఇంకో బెత్తెడు. నేల మీద చుక్క పడలేదు. చివర్లో అడుగున గోళ్లతో గీకిన చప్పుడు…

అప్పుడు వినపడింది. చెవి పక్కనే. చల్లగా.

"అక్కా… అది కాదే…"

లువీనియా కళ్లు మూసుకుంది. కన్నీళ్లు కారుతున్నాయి, మొహం మాత్రం కదల్లేదు. చాలాసేపటికి బయట కోడి ఒకటి కూసింది. బకెట్టు ఖాళీగా ఉంది.

"రోజూ ఇంతే. ఎంత నింపినా తాగుతుంది, దాహం తీరదు," అంది లువీనియా. "నేను పెట్టింది తప్పు వస్తువు. అది ఆఖరుసారి తాగింది నా ఇంటి కప్పుతో కాదు. అది తెచ్చిపెట్టు నాయనా. నీ కేసు సంగతి నాకు తెలీదు. ముందు నా చెల్లెలి దాహం తీరాలి."

హోజియా బుర్ర పనిచేసింది. ఆఖరుసారి తాగింది ఇక్కడ కాదు. అంటే గురువారం ఆమె పనికి వెళ్లింది. హాల్కమ్ ఇంటి వెనక వరండాలో, మేకుకి, ఆమె కోసం విడిగా ఒక నీలం ఎనామిల్ కప్పు ఉంటుందని ఊళ్లో నల్లవాళ్లందరికీ తెలుసు. ప్రతి తెల్లవాళ్లింట్లోనూ అలాంటిదొకటి ఉంటుంది. పనిమనిషి తాగేది దాంతోనే, దాన్ని వేరేవాళ్లు ముట్టుకోరు. ఆ కప్పుతో ఏదో జరిగింది. హాల్కమ్ దాన్ని పారేసి ఉంటాడు. మేకు ఖాళీగా ఉంటుంది. అక్కడ దొరుకుతాడు దొర!

మర్నాడు మధ్యాహ్నం, హాల్కమ్ దాణా కొట్టుకి వెళ్లాడని చూసుకుని, హోజియా ఆ ఇంటి వెనక గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

మేకు ఖాళీగా లేదు.

నీలం కప్పు దాని చోట అది వేలాడుతోంది. లోపల సాలీడు గూడు కూడా కట్టింది. హోజియాకి ఏడుపొచ్చినంత పనయింది. ఇంత ఆలోచన, ఇంత నడక, దయ్యం సాక్ష్యం కూడా చెప్పింది, చివరికి ఇదా? పెరట్లో బావి ఉంది, పక్కన పాచిపట్టిన రాతి తొట్టి ఉంది. అలాంటి తొట్లు ఊళ్లో వంద ఉన్నాయి.

జాలీ తలుపు వెనక నుంచి హాల్కమ్ భార్య చూస్తోంది. పాలిపోయిన మనిషి. నిద్రపోయి ఎన్నాళ్లయిందో.

"దాని కోసమేగా వచ్చావు?" అంది నెమ్మదిగా. "అది కాదు."

నిన్న విన్న మాటే.

ఆమె లోపలికెళ్లి పిండిసంచి గుడ్డలో చుట్టిన వస్తువు తెచ్చి తలుపు సందులోంచి అందించింది. చెక్కుడుపని చేసిన గాజుగ్లాసు. పట్టుకుంటే బరువుగా, మంచులా చల్లగా ఉంది.

"పన్నెండు గ్లాసులు. నా పెళ్లికి మా అమ్మ ఇచ్చింది. ఆవేళ నాలుగింటికి, ఎండ… అది గ్లాసులు తుడుస్తోంది. ఏ ధ్యాసలో ఉందో, ఒకదాంట్లో నీళ్లు పోసుకుని తాగేసింది. పదిహేడేళ్లలో ఒక్కసారి. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు." ఆమె గొంతు గుసగుసలోకి దిగింది. "అరవలేదు. 'అంత దాహమా జెరూషా? రా, కడుపునిండా తాగుదువుగాని' అన్నారు. మెడ పట్టుకుని… తొట్టి దగ్గరికి…"

హోజియా వెతికింది కప్పు కోసం. తెల్లవాళ్ల గ్లాసు ఆమె నోటికి తగిలి ఉంటుందని అతని బుర్రకి తట్టనే లేదు. డిటెక్టివు అయితే మాత్రం? నలభై ఏళ్లు మేకుకి వేలాడే కప్పుతో తాగినవాడికి ఎలా తడుతుంది? హాల్కమ్ మీద ఎంత కోపం వచ్చిందో తన మీదా అంత వచ్చింది.

"ఇప్పుడు రోజూ నాలుగింటికి," అంది ఆమె, "పదకొండు గ్లాసులు ఖాళీగానే ఉంటాయి. ఇదొక్కటే నిండుతుంది. పారబోస్తాను… మళ్లీ నిండుతుంది. తీసుకుపో."

"ఈ మాట కోర్టులో చెబుతారా అమ్మగారూ?"

"నువ్వు దొంగిలించావని చెబుతాను," అంది. కోపంగా కూడా అనలేదు, టైమెంతయిందో చెప్పినట్టు అంది. తలుపు గడియ పెట్టుకుంది.

చేతిలో సాక్ష్యం ఉంది. దాన్ని చూపిస్తే తనే జైలుకి పోతాడు, లేకపోతే ఏ చెట్టుకో వేలాడతాడు. హోజియా దారిపొడుగునా గ్లాసుని చొక్కా లోపల దాచుకుని నడిచాడు. పొట్ట దగ్గర చల్లదనం ఇల్లు చేరేదాకా పోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం లువీనియాని సమాధి దగ్గరికి తీసుకెళ్లాడు. సుత్తి తనే తెచ్చాడు. జరిగిందంతా చెప్పాడు. ఆమె గ్లాసుని ఎండలోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

"పన్నెండింట్లో ఒకటన్నావు కదూ?"

"అవునక్కా."

"అంటే ఆ ఇంటిదే."

"అవును. ఇదిగో సుత్తి."

ఆమె సుత్తి అందుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, పాత టీ కప్పు పెకలించి పక్కన పెట్టింది. ఆ గుంటలో గ్లాసుని నిలబెట్టి చుట్టూ మట్టి అదిమింది, పురుడు పోసిన పిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా. గ్లాసు పగల్లేదు. ఒక బీట కూడా లేదు.

"అక్కా… పగలగొట్టాలి కదా."

"నువ్వు చట్టం మనిషివి నాయనా. నీ చట్టంలో దీన్ని పగలగొట్టమని ఎక్కడైనా రాసుందా?"

హోజియాకి తెలుసు ఏం జరుగుతోందో. వంగి ఒక్క దెబ్బ కొడితే చాలు. చేతిలో సుత్తి ఉంది. కొట్టలేదు. కొట్టాలనిపించలేదు కూడా. సుత్తి కోటు జేబులో వేసుకుని, టోపీ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నాలుగింటికి లువీనియా వంటింట్లో బకెట్టు నిండుగానే ఉంది.

తర్వాత వారమంతా ఊళ్లో ఒకటే నవ్వులు. హాల్కమ్ దొరకి దాహం పట్టుకుందట. కొట్లో కూలివాళ్ల బకెట్టు కూడా ఎత్తి తాగేశాడట. మంగలిషాపులో గడ్డం గీయించుకుంటూ మధ్యలో లేచి, సబ్బునీళ్లు తాగాడట. డాక్టరు మధుమేహం అన్నాడు. గురువారం సాయంత్రం భోజనాల గదిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. బట్టలు పొడిగా ఉన్నాయి. నేల పొడిగా ఉంది.

తెల్లవాళ్ల శవాలు చూసుకునే అతను వెనక వీధిలో పిల్చర్‌ని పిలిచి, ఎవరితోనూ అనొద్దని, అడిగాడట: ఛాతీ నొక్కితే బకెట్టెడు నీళ్లు వచ్చాయి, తేటగా, పాచి తునకలతో, ఇలాంటిదెప్పుడైనా చూశావా అని. పిల్చర్ చూడలేదన్నాడు.

పంచనామా జరిగింది. ఈసారి ఐదుగురే. వేడికి గుండె ఆగిందని రాశారు.

శుక్రవారం మధ్యాహ్నం హోజియా నేలమాళిగలో ఒక్కడే కూర్చున్నాడు. సంతోషించాలని చూశాడు. రాలేదు. హాల్కమ్ పోయాడు సరే. అతని సమాధి మీద మంచి మనిషని చెక్కుతారు. జెరూషా కాగితంలో ఇంకా 'ప్రమాదం' అనే ఉంది. కింద తన సంతకం ఉంది. వందేళ్ల తర్వాత ఎవరైనా తీసి చూస్తే, నల్ల డిటెక్టివే ఒప్పుకున్నాడు కదా అంటారు. ఉద్యోగం పోతే పోయింది, ఆ మాట తనే కొట్టేసి, జరిగింది రాయాలనుకున్నాడు. సొరుగు లాగి తన దగ్గరున్న నకలు తీశాడు.

పైన గడియారం నాలుగు కొట్టింది.

కాగితం పొడిగా ఉంది. ఒక్కచోట తప్ప. తన సంతకం చుట్టూ గుండ్రంగా తడి… ఎవరో తడిసిన కప్పు సరిగ్గా అక్కడ పెట్టి ఎత్తినట్టు. చేతిరుమాలుతో అద్దాడు. పోయింది. చూస్తుండగానే మళ్లీ ఊరింది. వేలు పెడితే మంచులా ఉంది. తడి రాయి వాసన…

ఎడమచేతిలో కప్పు. కుడిచేత్తో సంతకం. అప్పుడు గుర్తొచ్చింది: ఆ కప్పూ పగలలేదు, తన వైపు దారీ తెరిచే ఉంది.

కోటు జేబులో సుత్తి ఇంకా అలాగే ఉంది. దాన్ని బయటికి లాగి గిరుక్కున మేకు వైపు తిరిగాడు. కప్పు అడుగు పగలగొట్టేయాలి. ఇప్పుడే. ఒక్క దెబ్బ.

మేకు ఖాళీగా ఉంది.

పొద్దున తనే కడిగి తగిలించాడు. ఆ తర్వాత మెట్లు దిగి ఎవరూ రాలేదు. గోడ మీద కప్పు ఆనినచోట తుప్పు మరక ఉంది, దాని కింద ఒక నీటిచుక్క మెల్లగా జారుతోంది.

పై నుంచి కెప్టెన్ గొంతు విసుగ్గా వినిపించింది.

"ఒరే హోజియా, కిందెవర్రా అన్ని నీళ్లు తాగుతోంది? గుటకలు ఇక్కడిదాకా వినపడుతున్నాయి."

హోజియాకి ఏ చప్పుడూ వినపడలేదు. దాహం మాత్రం వేస్తోంది.